యాభై కొట్టేసి యాభై ఏడు

నాకు కోపం ఎక్కువ. ఒకప్పుడు ఈ మాట గొప్పగా చెప్పుకునేదాన్ని. పెనుకొండలో ఒక బడిలో ఆటల టీచరుగా చేరిన కొత్తలో, నా గొంతు వినబడితే వరండాలో పిల్లలు గోడకు అతుక్కుపోయేవాళ్ళు. హెడ్మాస్టరు కూడా నాతో మాట్లాడే ముందు ఒకసారి గొంతు సవరించుకునేవాడు. అదంతా నాకిచ్చే మర్యాద అని మురిసిపోయాను. ఆడమనిషి, అందులోనూ బరువులు ఎత్తించే ఆడమనిషి, నోరు పెట్టుకోకపోతే ఈ ఊళ్ళలో నెగ్గుకు రాగలదా అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. హిందూపురంలో ఆ రోజు జరిగినదానికి కూడా చాలాకాలం ఆ కోపాన్నే కారణంగా చెప్పుకుంటూ వచ్చాను. కోపమైతే కొంత నయం. అందులో ఎక్కువ పాలు గొప్పలకు పోవడం.

బడికి ముందూ తర్వాతా పిల్లల చేత బరువులు ఎత్తిస్తాను. ఒకప్పుడు శనక్కాయ మూటలు నిలవ చేసిన గోడౌను అది. ఇప్పటికీ వాన పడితే లోపల పొట్టు వాసన వస్తుంది. రెండు ఇనప బార్లు, వాటికి తగిలించే రంగు పోయిన ప్లేట్లు, నేల పగలకుండా పరిచిన పాత లారీ టైర్ల ముక్కలు, ఇంతే మా ఆస్తి. ఆ షెడ్డులో ఒక కట్టడి ఉంది. బార్ మీద ఎంత బరువుందో పిల్లలు అడగకూడదు. ప్లేట్లు వేసేది నేను, ఎత్తేది వాళ్ళు. అంకె వింటే మనిషి ముందే భయపడతాడని నాకు నేర్పిన మాస్టారి నమ్మకం. నేను దాన్ని ఇంకా బిగించాను. ఎవరైనా పొరపాటున "ఎంత మేడం?" అంటే "నీకేంటికే, కిరాణా అంగడి పెట్టినావా?" అనేదాన్ని. పిల్లలు నవ్వేవాళ్ళు. లెక్క మేడంది, మోత మనది అని వాళ్ళలో వాళ్ళు చెప్పుకునేవాళ్ళు. ఆ మాట చెవిన పడినప్పుడల్లా నాకు లోలోపల సంతోషంగా ఉండేది.

ధర్మవరం నుంచి ఒక పిల్ల పొద్దున ప్యాసింజరు బండిలో వచ్చేది. ఇంటర్ రెండో ఏడు. నా షెడ్డు కోసమే కాలేజీ కూడా పెనుకొండలో పెట్టుకుంది. పొట్టి పిల్ల, మాట తక్కువ. మొదటిరోజు ఖాళీ బార్ పట్టుకుని కిందికి కూర్చుంటే నడుము చెక్కుచెదరలేదు. ఆ రోజే నాకు అర్థమైంది, ఇలాంటిది మళ్ళీ మళ్ళీ దొరకదని.

వాళ్ళది పట్టుచీరలు నేసే ఇల్లు. రెండు మగ్గాలు. ఒకదాని మీద నాయన, రెండోదాని మీద అమ్మో ఈ పిల్లో. ఆ నాయన ఒకసారి షెడ్డుకు వచ్చాడు. చెప్పులు బయట విడిచి లోపలికి వచ్చి, కూతురు ఎత్తడం చివరిదాకా చూశాడు. తర్వాత నాతో మెల్లగా అన్నాడు:

"నాకు ఈ ఆటలు తెల్దు మేడం. పాపకు ఇష్టం ఉండాది, బాగా ఎత్తుతాదని మీరు చెప్తాండారు. ఒక సంవత్సరం చూస్తా. ఈసారి జిల్లా నుంచి సెలెక్ట్ అయితే యాడికి పంపమంటే ఆడికి పంపిస్తా, ఆ స్పోర్ట్స్ హాస్టల్‌కైనా సరే. కాలేదంటే మళ్ళా నన్ను అడగొద్దండి. మగ్గం మీద నాకు మనిషి కావల్ల."

న్యాయమైన మాట. "సరే అన్నా, నాది పూచీ" అన్నాను. అంత ధీమాగా ఎలా అన్నానో ఇప్పుడు తలచుకుంటే ఆశ్చర్యంగా ఉంటుంది.

నాకూ ఆ పిల్లకూ తగవంటూ వస్తే చేతుల దగ్గరే వచ్చేది. బరువులు ఎత్తేవాళ్ళ అరచేతులు కాయలు కాస్తాయి. కాయలు కాస్తేనే బార్ పట్టు నిలుస్తుంది, చర్మం చిట్లదు. వారానికొకసారి నేను పిల్లలందరినీ వరసగా నిలబెట్టి చేతులు చూసేదాన్ని. కాయలు గట్టిగా ఉన్నవాళ్ళు కష్టపడ్డట్టు, మెత్తగా ఉన్నవాళ్ళు ఎగ్గొట్టినట్టు. ధర్మవరం పిల్ల చేతులు ఎప్పుడు చూసినా నున్నగా ఉండేవి. "ఏమే రాణీ, వెన్నపూస పూసుకున్నావా చేతులకు?" అని అందరి ముందూ ఎకసెక్కాలాడేదాన్ని. చాలా రోజులు ఆ పిల్ల తల వంచుకుని ఊరుకుంది. ఒకరోజు చెప్పింది.

"పట్టు పోగు పట్టుకుంటాది మేడం. చెయ్యి గరుకుగా ఉంటే పడుగు మీద పెట్టగానే పోగులు లేస్తాయి. చీర పాడైపోతాది. అందుకే రాయితో రుద్దుకుంటాండా."

మడమలు రుద్దుకునే రాయి అది. నేను కాయించిన కాయలను వారం వారం ఆ రాయితో అరగదీసి మగ్గం మీద కూర్చునేది. తెల్లవారి నా దగ్గరికి వచ్చి మళ్ళీ కాయించుకునేది. ఏడాది పొడుగునా ఆ పిల్ల అరచేతులు చేసిన పని అదే. ఆ మాట విన్నప్పుడు నాకు జాలి కలగాలి. నాకు మాత్రం ఒళ్ళు మండింది. "పోటీకి పదిహేను రోజుల ముందు నుంచి మగ్గం జోలికి పోవద్దు. రాయి ముట్టుకోవద్దు" అన్నాను. సరే మేడం అంది. అంతే, నేను చెప్పాను కదా, అయిపోయిందనుకున్నాను. వాళ్ళ నాయనకు ఒక ఫోన్ చేసి చెప్పి ఉంటే సరిపోయేది. అది నాకు తోచలేదు.

పోటీ హిందూపురంలో. ఒక కళ్యాణమండపం తీసుకున్నారు. పెళ్ళికొడుకూ పెళ్ళికూతురూ కూర్చునే వేదిక మీద చెక్కలు పరిచి అక్కడే ఎత్తడం. వెనక వంటగదిలో వార్మప్. గోడకు ఇంకా కనకాంబరం దండలు వేలాడుతూ ఉన్నాయి. పొద్దున్నే పిల్లల బరువు చూశారు. ధర్మవరం పిల్ల తన బరువు వర్గానికి సరిగ్గా సరిపోయింది. ఆ వర్గంలో మొత్తం నలుగురే అమ్మాయిలు. అందులో ఇద్దరిని రాష్ట్ర పోటీకి పంపుతారు. మా పిల్ల, హిందూపురం పిల్ల కాక మిగిలిన ఇద్దరూ కొత్తవాళ్ళు, నలభై కిలోలు దాటేవాళ్ళు కారు. అంటే మా పిల్ల పడకుండా నిలబడితే చాలు. ఇంతకన్నా సుళువైన రోజు నాకు ఎప్పుడూ రాలేదు.

ముందు తక్కువ బరువు వర్గంలో కర్ణాటక సరిహద్దు అగళి నుంచి వచ్చిన మా షెడ్డు పిల్ల ఎత్తింది. దానికి అదే మొదటి పోటీ. భయంతో కన్నడం, తెలుగు కలిపి ఏదో గొణుక్కుంటూ వేదిక ఎక్కింది. ఇచ్చిన ఆరు అవకాశాల్లో ఆరూ ఎత్తింది. దిగి వచ్చి నన్ను వాటేసుకుని ఏడ్చింది. నాకూ కళ్ళు తడిశాయి, దాచుకోవడం ఎందుకు. చుట్టూ ఉన్న కోచ్‌లు వచ్చి చెయ్యి కలిపారు. పెనుకొండ మేడం పిల్లలంటే పిల్లలే అని ఎవరో అన్నారు. ఆ మాట నా తలకెక్కింది.

ఆ తర్వాత వంటగదిలో ధర్మవరం పిల్లకు వార్మప్ చేయించాను. నలభై అయిదు కిలోలు ఎత్తి దించగానే కుడిచెయ్యి గుప్పిట మూసుకుంది. తెరవమంటే తెరవలేదు. గట్టిగా అడిగితే చూపించింది. వేళ్ళ మొదట్లో చర్మం చిట్లి నెత్తురు ఊరుతోంది. మిగతా అరచెయ్యి పసిపిల్ల చెయ్యిలా ఎర్రగా, పలచగా ఉంది.

"రుద్దినావా?"

"పెండ్లి చీర మేడం. అర్జంటని చెప్పినారు. అమ్మకు జరం వచ్చె. నాలుగు దినాలు నేనే కూచున్యా."

"నీకు చెప్పినానా లేదా?"

"చెప్పినారు మేడం."

సుద్దపొడి తీసి ఆ గాయం మీద అద్దాను. మంటకు పిల్ల పళ్ళు బిగించింది. "ఏం కాదు. యాభైతో మొదలుపెడతాండాం. నీకు అది లెక్కే కాదు" అన్నాను. ఒక్కోసారి నా నోటి నుంచి కూడా మంచి మాట వస్తుంది. పిల్ల ముఖం తేటపడింది.

తెలియనివాళ్ళకు ఇక్కడ రెండు ముక్కలు చెప్పాలి. స్నాచ్ అంటే బార్‌ను నేల మీది నుంచి ఒక్క ఊపులో తలపైకి తీసుకుపోవడం. మూడు అవకాశాలు ఇస్తారు. మూడూ పోతే మొత్తం పోయినట్టే, తర్వాత ఎత్తే రెండో రకం లిఫ్ట్‌లో కొండ ఎత్తినా ఎంపిక లెక్కలోకి రాదు. ఎంతతో మొదలుపెట్టాలో కోచ్ ఒక కార్డు మీద రాసి ఇస్తాడు. తక్కువ బరువు రాసినవాళ్ళు ముందు ఎత్తుతారు. ఒకసారి ఆ బరువుకు దిగాక పెంచవచ్చుగానీ తగ్గించడానికి లేదు. అందుకే మొదటిది ఎప్పుడూ నిద్రలో లేపినా ఎత్తగలిగేది పెట్టుకోవాలి. ఇది పిల్లలకు పాఠంలా చెప్పేది నేనే.

కార్డులు ఉన్న బల్ల దగ్గర హిందూపురం కోచ్ నిలబడి ఉన్నాడు. ఒకే మాస్టారి దగ్గర నేర్చుకున్నాం ఇద్దరం. నాకన్నా చిన్నవాడు, నన్ను అక్కా అంటాడు. జాతీయ పోటీలదాకా పోయి వచ్చాడు. నేను రాష్ట్రం దాటలేదు. ఆ తేడా వాడెప్పుడూ ఎత్తలేదు, నేనెప్పుడూ మరిచిపోలేదు. వాడి దగ్గర నేర్చుకునే పిల్ల కూడా మా పిల్ల వర్గంలోనే ఉంది, దాని కార్డు మీద యాభై అయిదు ఉంది. వాడు మా కార్డు చూసి అన్నాడు:

"యాభైతోనే పెట్టినావా అక్కా? మంచి పని చేసినావులే."

ఇంతే. ఇప్పుడు వంద సార్లు తిప్పి చూసుకున్నా ఆ మాటలో వెటకారం దొరకదు. వాడు మెచ్చుకున్నాడు. ఆ క్షణంలో నాకు వాడి పెదవుల మీద నవ్వు కనిపించింది. నీ పిల్లకు అంతేలే అన్నట్టు వినిపించింది. షెడ్డులో మా పిల్ల యాభై ఎనిమిది ఎత్తింది, ఒకే ఒక్కసారి, అదీ చేతులు బాగున్న రోజు. బల్ల మీది పెన్ను తీసుకున్నాను. యాభై కొట్టేసి యాభై ఏడు రాసి సంతకం పెట్టాను.

వెనక్కి వెళ్ళి పిల్లకు చెప్పలేదు. మా షెడ్డులో చెప్పే అలవాటు లేదు కదా.

కొత్త పిల్లలిద్దరూ ఎత్తేశారు. యాభైతో అయితే ఆ తర్వాత మా పిల్లను పిలవాలి. నడుము బెల్టు బిగించుకుని నిలబడి ఉంది. మైకులో హిందూపురం పిల్లను పిలిచారు. మా పిల్ల నా వైపు తిరిగి "నన్ను పిలవలేదే మేడం?" అంది.

"పిలుస్తారు. కూచో."

కూర్చుంది. హిందూపురం పిల్ల మూడుసార్లు వచ్చింది, రెండు ఎత్తింది, వెళ్ళిపోయింది. అప్పటిదాకా మా పిల్ల ఒళ్ళు చల్లారిపోతూ ఉంది. అప్పుడు పిలిచారు, యాభై ఏడు కిలోలు అని. పిల్ల మెట్ల దగ్గర ఆగి నా ముఖం చూసింది. నేను చప్పట్లు కొట్టి "పో, పో, టైం అయిపోతాది" అన్నాను. మళ్ళీ ఏమీ అడగకుండా వెళ్ళింది.

మొదటిసారి బార్ తలపైదాకా వెళ్ళింది. ఒక్క క్షణం నిలిచింది కూడా. నేను గాలిలోకి ఎగిరాను. అంతలో కుడిచెయ్యి వదిలేసి బార్ వెనక్కి పడింది. చెల్లదని రిఫరీల మూడు ఎర్ర జెండాలు లేచాయి.

మిగతావాళ్ళంతా ముగించేశారు కాబట్టి ఇక మిగిలింది మా పిల్ల ఒక్కతే. రెండేసి నిమిషాల వ్యవధి, అంతే. దిగి వచ్చి "తగ్గించేకి అయితాదా మేడం?" అని అడిగింది. కాదని తల ఊపాను. హిందూపురం కోచ్ గబగబా వచ్చి తెల్ల టేపు చుట్ట చాచాడు. "అక్కా, చెయ్యి బాగా చినిగింది. ఇది చుట్టు" అన్నాడు. "మాకు తెలుసులే" అన్నాను. టేపు తీసుకోలేదు. దీన్ని రాయకుండా దాటేద్దామని చాలాసార్లు అనుకున్నాను.

రెండోసారి బార్ నెత్తురుకు జారి ఛాతీ ఎత్తుకు వచ్చి పడిపోయింది. మూడోసారి మోకాళ్ళు దాటలేదు. పిల్ల బార్‌ను వదలలేదు. జెండాలు లేచిన తర్వాత కూడా వంగి దాన్ని పట్టుకునే ఉంది. రిఫరీ వచ్చి భుజం తట్టాల్సి వచ్చింది.

ఆ తర్వాత వంటగదిలో నేను చేసింది చెప్పాలి. అక్కడ పదిహేను మంది పిల్లలు, ముగ్గురు నలుగురు కోచ్‌లు ఉన్నారు. వాళ్ళందరూ నా వైపే చూస్తున్నారనిపించింది. యాభై ఏడు ఎవరు రాశారని ఎవరైనా అడుగుతారేమోనని భయం వేసింది. ఎవరూ అడగకముందే అరిచాను. "చూడండప్పా, ఈ చేతులు చూడండి! పోటీకి వచ్చే ముందు రాయితో గీక్కొని వచ్చింది. పట్టు కావల్ల ఈయమ్మకు, బార్ అక్కరలేదు!" అని ఆ పిల్ల మణికట్టు పట్టుకుని పైకెత్తి అందరికీ చూపించాను. నెత్తురు మోచేతి దాకా కారింది. పిల్ల చెయ్యి వెనక్కి లాక్కోలేదు. కార్డు సంగతి ఆ పిల్లకు అప్పటికి తెలిసిపోయింది, ఒక్క మాట చాలు నా నోరు మూయించడానికి. ఆ మాట అనలేదు. అగళి పిల్ల ఒక మూల నిలబడి, పొద్దున నన్ను వాటేసుకున్న పిల్లే, నన్ను చూసి భయపడుతోంది.

తిరుగు బండి ఎక్కాం. పెనుకొండలో నేను దిగిపోవాలి, ఆ పిల్ల ధర్మవరం దాకా పోవాలి. దిగేటప్పుడు "వస్తాను మేడం, జాగ్రత్త" అంది. నేను పలకలేదు. ఇంటికి పోయాక కోపం దిగింది. అడుగున మిగిలిన నా తప్పు బయటపడింది. అన్నం ముందు కూర్చున్నాను గానీ తినలేకపోయాను.

వారం గడిచింది. పిల్ల రాలేదు. ఫోన్ చేద్దామని తీసి పెట్టేసేదాన్ని. చివరికి ఆదివారం బండెక్కాను. ధర్మవరం చేరేదాకా ఒకే మాట లోపల సాధన చేశాను: "అన్నా, తప్పు నాది. పాపకు చెప్పకుండా బరువు పెంచింది నేను. యాభై పెట్టింటే కళ్ళు మూసుకుని సెలెక్ట్ అయ్యేది. ఇంకొక్క సంవత్సరం ఇవ్వు." న్యాయం తెలిసిన మనిషి ఆయన. నిజం చెబితే ఆ సంవత్సరం ఇస్తాడని నాకు నమ్మకం ఉంది. ఆ పిల్ల బతుకులో నేను కొట్టేసినదాన్ని నేనే తిరిగి రాయగలను.

ఇంట్లోకి అడుగు పెట్టేసరికి మగ్గం చప్పుడు ఆగింది. ఆయన మగ్గం గుంతలోంచి లేచి వచ్చి, ప్లాస్టిక్ కుర్చీని భుజం మీది టవలుతో తుడిచి వేశాడు. పిల్ల గోడ దగ్గర రాట్నం ముందు కూర్చుని కండెలు చుడుతోంది. కుడిచేతికి గుడ్డ కట్టుకుని, ఎడమచేత్తో తిప్పుతోంది. నన్ను చూసి లేవబోయింది. కూర్చోమని సైగ చేశాను.

నేను నోరు తెరవకముందే ఆయన చేతులు జోడించాడు.

"మీరే వస్తిరా మేడం. నేనే రావల్ల అనుకుంటాండా. మొగం చెల్లక రాలేదు. ఈ పాప అంతా చెప్పింది. మీరు యాభై పెడితే, చాలదు, ఎక్కువ పెట్టమని ఇదే మీతో కొట్లాడి పెట్టించుకున్యాదంట గదా. మీరు వద్దు వద్దంటే ఇనలేదంట. చెయ్యి ఎట్ల చినిగిందే అంటే అదీ సక్కంగా చెప్పదు. అంత పొగరు మా ఇండ్లల్లో లేదు మేడం. యాడ నేర్చిందో."

నేను పిల్ల వైపు చూశాను. రాట్నం తిప్పడం ఆపింది. తల ఎత్తి నన్నే చూస్తోంది. నన్ను కాపాడటానికి ఆ అబద్ధం ఆడిందో, చేతుల సంగతి బయటపడితే నాయన బాధపడతాడని ఆడిందో నాకు తెలియదు. ఇప్పుడు నేను నిజం చెప్పేస్తానని మాత్రం ఎదురుచూస్తోంది. అది నాకు తెలిసింది. రైల్లో సాధన చేసిన మాట నాలుక మీదే ఉంది.

"మాట ఇనని బిడ్డను మళ్ళా మీ మీదికి ఎట్ల పంపేది?" అన్నాడాయన. "సంవత్సరం అంటిమి, అయిపోయె. ఇంక ఈడనే ఉంటాది. మీరు దాని మీద పెట్టిన కష్టమంతా పాడు చేసింది. మనసులో పెట్టుకోవద్దండి."

ఎదురుగా ఒక పెద్దమనిషి చేతులు జోడించి నన్ను క్షమాపణ అడుగుతున్నాడు. నువ్వు కాదు, నేనే అడగాలి అనడానికి మూడు మాటలు చాలు. ఆయన కళ్ళలో నా మీద ఉన్న గౌరవం కనిపించింది. అది పోతుందనిపించింది.

"పోనీలే అన్నా" అన్నాను. "చిన్నపిల్ల. నేనేం మనసులో పెట్టుకోలేదు."

ఆయన ముఖం విప్పారింది. "ఇన్యావా మే? మేడం మంచిది కాబట్టి సరిపోయె. రా, వచ్చి కాళ్ళకు మొక్కు" అన్నాడు.

పిల్ల లేచింది. నెమ్మదిగా వచ్చి, నా ముందు వంగి, రెండు చేతులతో నా పాదాలు తాకింది. నేను కాళ్ళు వెనక్కి తీసుకోలేదు. తల మీద చెయ్యి పెట్టి, చల్లగా ఉండమ్మా అన్నాను.